దీపం పెట్టాక తోడు ఇవ్వబడదు

జ్యేష్ఠ శుద్ధ పంచమి

ఈ ఉదయం వచ్చిన ఫిర్యాదులన్నీ ఆవకాయవే. కొత్త జాడీలు తెరిచే రోజులు కదా, ఏటా ఇదే వరస. రీడర్ గారి పలక ఆయన్ని గుర్తుపట్టడం లేదట. లైబ్రరీలో ఇద్దరు పరిశోధక విద్యార్థుల పలకలు ఉలకవు పలకవట. పలక మనిషిని వేలి చెమటని బట్టి గుర్తుపడుతుంది. ఆ వేలికి నూనే ఆవపిండీ అంటుకుని ఉంటే ఎవరో పరాయివాళ్లనుకుని ఊరుకుంటుంది. చెయ్యి కడుక్కున్నారా అని అడిగాను. కడుక్కున్నామన్నారు. సబ్బుతోనా అన్నాను. ఒక్కొక్కరే మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లారు. కాసేపటికి పలకలన్నీ పనిచేశాయి. ఈ ఉద్యోగానికి కావలసిన పాండిత్యంలో సగం ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

పాత దినచర్య పుస్తకం నిండిపోయింది, ఇది కొత్తది. నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవాళ్లు మొదట తిరగేసేది దీన్నే కనుక నా గురించి నాలుగు ముక్కలు రాయాలి. నా పేరు ఉండవల్లి హైమవతి. తెప్పలపురం విశ్వవిద్యాలయంలో ఆటుపోట్ల విభాగానికి గణన, సమాచార సేవల మేనేజర్ని. అంత పొడుగు పేరు జీతం బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఊళ్లో అందరికీ నేను బానల గది హైమవతిని.

గదిలో మూడు బానలు ఉన్నాయి. పెద్దది, నడిపిది, చిన్నది. వాటిలో ఉన్నదాన్ని కాగితాల మీద జీవగణకం అంటారు, మేం తోడు అంటాం. చిప్పులు దొరకడం మానేశాక ఊళ్లన్నిటికీ ఇదే దిక్కయింది. గోరువెచ్చటి గంజి పోస్తే పెరుగుతుంది, నేర్పితే నేర్చుకుంటుంది, అడిగితే లెక్క కట్టి పలక మీద జవాబు చెబుతుంది. ఒక్క చెంచాడు తీసి ఇంకో కుండలో వేసి గంజి పోస్తే చాలు, బానకు అంతవరకూ తెలిసినదంతా ఆ కుండకీ తెలుస్తుంది. మా బానల్లో నలభై ఏళ్ల సముద్రం ఉంది. కొల్లేరు సముద్రంలో కలిసిన నాటినుంచి ఏ పాయలో ఏ తిథికి నీళ్లు ఎంతెత్తు లేచాయో అన్నీ ఉన్నాయి. అందుకే మాకు నెలలూ తేదీలతో పనిలేదు, చంద్రుణ్ణి బట్టే రాసుకుంటాం.

తుఫాన్ల ముందు ఈ తెప్పల ఊరు మొత్తం కట్టు విప్పుకుని మడ అడవి చాటుకు వెళ్లాలి. తొందరపడి వెళితే చేపల వేట పోతుంది, ఆలస్యమైతే ఇళ్లు పోతాయి. ఎప్పుడు విప్పాలో ఏటా జ్యేష్ఠ అమావాస్యకి మా విభాగం చెప్పాలి. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

ఇంకొకటి. ఈ పుస్తకం కాగితం మీదే రాయాలి. బానల ఆరోగ్యం ఎలా ఉందో బానల్నే అడిగి రాసుకోకూడదు.

జ్యేష్ఠ శుద్ధ దశమి

విశ్వవిద్యాలయం మొత్తంలో ఉత్తమ గణన సేవల బహుమతి మా విభాగానికి వచ్చింది. ఒక్క లెక్క కూడా పోగొట్టుకోని విభాగమని షీల్డు మీద చెక్కించారు. షీల్డు ఇవ్వడానికి కేంద్ర గణన కార్యాలయం డైరెక్టరు ఉదయభాను గారు వచ్చారు. మా గది ముందు కొబ్బరికాయ కొట్టారు. గంజి కాచే కాశింవలీ గుమ్మానికి మామిడాకులు కట్టాడు. చర్చిలో తప్ప ఇంకెక్కడా పూలు పట్టని మా విభాగాధిపతి కలపాల విక్టర్ గారు కూడా మూడు దండలు తెప్పించారు. ఆఫీసు ఆడవాళ్లు బానల అంచుల చుట్టూ చిక్కగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. నాకు శాలువా కప్పారు. ఎండాకాలంలో శాలువా ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ సాయంత్రం దాకా తీయలేదు.

కార్యక్రమం అవగానే ఉదయభాను గారి మనుషులు మా బానలనుంచి ఏడాది నకలు తీసుకున్నారు. పాత నకలు పారబోసి, కొత్తది జాడీలో పోసి, వాళ్ల మంచుగదిలో పెడతారు. ఏటా ఈ పండగనాడే జరుగుతుంది.

వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మం మీది బోర్డు చూశారు. మా విభాగం మొదలుపెట్టిన పెద్దాయన రాయించిన బోర్డు అది. పొద్దున పూట శుభ్రమైన గిన్నెతో వచ్చి అడిగినవాళ్లకి, వాళ్లు ఎవరైనా సరే, గిద్దెడు తోడు ఇవ్వాలి. దీపం పెట్టాక ఎంతటివాళ్లు అడిగినా ఇవ్వకూడదు. సందెవేళ చల్లబడేటప్పుడు బాన ఆ రోజు నేర్చుకున్నదంతా సర్దుకుంటుంది. అప్పుడు కదిపితే ఇచ్చినదానికీ ఉంచుకున్నదానికీ రెండింటికీ మతిమరుపు వస్తుంది. వేరే విభాగాల్లో తోడు తాళాల వెనక ఉంటుంది. మా దగ్గర చదువు పూర్తిచేసి వెళ్లే ప్రతివాళ్లూ గిన్నెడు పట్టుకుపోతారు, బడిపిల్లల టీచర్లు పట్టుకుపోతారు, అడగాలేగాని పడవవాళ్లూ పట్టుకుపోతారు.

ఈ పద్ధతి ఇక ఆపాలని, ఇది భద్రతకు భంగమని ఉదయభాను గారు మర్యాదగానే చెప్పారు. అలాగే చూద్దామండీ అన్నాను. మా ఆఫీసులో ఆ మాటకి అర్థం కుదరదని.

జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి

చిన్నదానికి ఒంట్లో బాగున్నట్టు లేదు. పొద్దున అడిగినదానికి మధ్యాహ్నం జవాబు చెబుతోంది. మళ్లీ అదే అడిగితే ఇంకొకటి చెబుతోంది. గంజి మీద అనుమానం వచ్చి కాశింవలీని అడిగాను, కొత్తబియ్యం గాని వాడావా అని. అతను నొచ్చుకుని గంజి గిన్నె నా ముందు పెట్టి తాగి చూపించాడు. నాకూ ఒక గ్లాసు పోశాడు. గంజిలో ఏ దోషమూ లేదు. ఎండ దెబ్బేమోనని బాన చుట్టూ తడి గోనెపట్టాలు రెట్టింపు చేశాం.

జ్యేష్ఠ బహుళ విదియ

నడిపిదానికీ అంటుకుంది. మొన్న పౌర్ణమి పోటు ఎంత వచ్చిందని అడిగితే, పౌర్ణమినాడు పోటు ఉండదని చెప్పింది. ఈ ఊళ్లో పసిపిల్లలు కూడా అనని మాట అది. పలక మీద ఆ అక్షరాలు చూస్తుంటే ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల ఒంట్లో బాగోక ఏదేదో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

విభాగంలో అందరికీ తెలిసిపోయింది. విక్టర్ గారు క్లాసు మధ్యలో వచ్చి, ఈసారి అమావాస్యకి చెప్పగలమా అని ఒకటే అడిగారు. పెద్దది ఇంకా బాగానే ఉందని చెప్పాను. ఆయన బాన దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించి చూశారు, జ్వరం చూసినట్టు.

జ్యేష్ఠ బహుళ చవితి

తెలిసింది.

మీగడ తీయడానికి చెక్క గరిటె ముంచాను. పైకి తీస్తే గరిటె అంచు పచ్చగా ఉంది. బాన అంచు వైపు చూశాను. పండగనాడు అంత చిక్కగా రాసిన పసుపు సగం లేదు. ఎక్కడికి పోయిందంటే, రోజూ పొద్దున్నే మేం అంచు మీదుగా గోరువెచ్చటి గంజి పోస్తున్నాం కదా, దాంతోపాటే కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. పుండు మీద పసుపు ఎందుకు వేస్తాం? క్రిములు చావడానికి. మా బానల్లో ఉన్నవి ఏమిటి మరి?

పోపులపెట్టెలో సామాను ఏదీ ఈ గది గడప దాటకూడదని మాకు నియమం ఉంది. మిరపకాయ, ఇంగువ, ఆఖరికి అల్లం టీ కూడా బయటే తాగి రావాలి. కాని పసుపు బొట్టుగా వచ్చేసరికి అది పోపులపెట్టెలోది అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఉప్పునీటి రసాయనం మీద డాక్టరేట్లు తీసుకున్నవాళ్లు నలుగురు ఆ రోజు అక్కడ నించుని చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుకుని నేనూ కొట్టాను. శుభం కలగాలని మేమే మా చేతులతో మందు పెట్టాం.

ఎవరు రాశారో తేల్చాలని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. పసుపు కలిపిన అమ్మాయి అప్పుడే ఏడుస్తోంది. విక్టర్ గారు అందరినీ వరండాలోకి పిలిచారు.

"అందరం అక్కడే ఉన్నాం. ఎవరి పేరూ వద్దు. రాయవలసి వస్తే విభాగం అని రాసుకోండమ్మా" అన్నారు నాతో.

అందుకని విభాగం అని రాస్తున్నాను. పైవాళ్లు ఈ పుస్తకం చూసినా అంతకుమించి ఏమీ దొరకదు. ఇలాంటి మనుషుల దగ్గర పనిచేస్తున్నందుకు, బానలు పోతున్న ఈ రోజు కూడా, నాకు గర్వంగా ఉంది.

సాయంత్రం పెద్దదాన్ని పరీక్షించాం. దానికీ పసుపు అందింది. ఇక దేనినుంచీ తోడు తీయడానికి లేదు.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

ఏడాది నకలు కోసం కేంద్ర కార్యాలయానికి వెళ్లాను. ఉదయభాను గారు స్వయంగా మంచుగది తెరిపించి జాడీ మూత తీశారు. గాజుగరిటె ముంచి వెలుగులో పట్టుకున్నారు. పచ్చగా ఉంది. నకలు తీసింది పండగనాడే, బొట్లు పెట్టాకే, తడి పసుపు అంచు మీదుగానే. ఆయన గరిటె పక్కన పెట్టి మూత బిగించారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తప్పు మా మీదకి నెట్టలేదు. ఆ రోజు హారతి పట్టింది తనేనని తనే గుర్తుచేసుకున్నారు.

తర్వాత దారి చెప్పారు. వాళ్ల ఉమ్మడి బాననుంచి మా గదికి గొట్టం వేస్తారు. ప్రపంచంలో పుస్తకాలకెక్కిన సముద్రాలన్నీ ఆ బానకి తెలుసు. మా పాయలు మాత్రం తెలియవు. దాని లెక్క ప్రకారం ఊరు ఆషాఢ పౌర్ణమికి కట్టు విప్పితే సరిపోతుంది. అమావాస్య లోపల మా విభాగం ఏదీ చెప్పలేకపోతే ఆ తేదీయే ఖాయం చేసి ఊరి సభకి పంపుతారు. అప్పుడిక మా గదితో పని ఉండదు.

గది పోతుందన్న బాధ లేదనను. అంతకన్నా నన్ను తినేస్తున్నది వేరే ఉంది. బయటి వరస తెప్పలకి ఒక పక్క గండి ఉంది. పోటు నీళ్లు మొదట అక్కడే లోపలికి దూకుతాయి. ఆ గండి ఉమ్మడి బానకి తెలియదు. పౌర్ణమి దాకా ఆగితే బయటి వరసలో ఇళ్లు ఉంటాయో ఉండవో చెప్పగలిగినవి మా బానలే. అవి ఇప్పుడు పౌర్ణమికి పోటే ఉండదంటున్నాయి.

జ్యేష్ఠ బహుళ అష్టమి

మా దగ్గర తోడు పట్టుకెళ్లిన పాత విద్యార్థులకీ టీచర్లకీ పడవవాళ్లకీ వరసగా ఫోన్లు చేశాను. ఒకాయన చాలా గౌరవంగా మాట్లాడి, గంజి పోయడం మానేసి చాలాకాలమైందని చెప్పాడు. ఇంకొకాయన ఇంట్లో వంటావిడ దాన్ని మజ్జిగపులుసు పెట్టేసిందట. బాగుందా అని అడగబోయి ఆగిపోయాను. మూడో ఆయన తోడు నిక్షేపంలా ఉంది, కాని ముద్దుచేసి పంచదార నీళ్లతో పెంచాడు. అది అడిగినదానికల్లా ఔనంటోంది. దానితో సభ నడుపుకోవచ్చుగాని సముద్రం లెక్క కట్టలేం.

ఫోను పెట్టేసి తల పట్టుకుని కూర్చుంటే కాశింవలీ తలుపు వెనక అంటించిన కాగితం చూపించాడు. ఆరేళ్ల కిందట కేంద్ర కార్యాలయంవాళ్లు నాకిచ్చిన మెమో అది. చేపల కాటా దగ్గర పనిచేసే సైదు నాగరత్నం అనే మనిషికి, ఏ అర్హతా చూడకుండా, విశ్వవిద్యాలయం తోడు ఇచ్చినందుకు సంజాయిషీ అడుగుతూ రాశారు. గిన్నె తెచ్చింది, పొద్దున వచ్చింది అని జవాబు రాసి, మెమోని అక్కడ అంటించాను. బహుమతులు గోడకి తగిలిస్తారు కదా, అలాగే.

నాగరత్నం ఇంకా బయటి వరసలోనే ఉందట. కుండ సంగతి ఎవరికీ తెలియదు.

జ్యేష్ఠ బహుళ దశమి

నిన్న మధ్యాహ్నం నేనూ కాశింవలీ పడవెక్కాం. ఎదురుగాలి కొట్టింది. బయటి వరసకి చేరేసరికి చేపల పాకలో దీపం పెట్టేశారు. నాగరత్నం నన్ను చూడగానే గుర్తుపట్టి పీట వేసింది. కుండ ఉందా అని అడిగాను. పాక మూల తడిగుడ్డ చుట్టుకుని ఉంది, నల్లటి చిన్న కుండ. మూత తీస్తే శుభ్రమైన పులుపు వాసన. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సంగతంతా చెప్పి, గిద్దెడు తోడు ఇమ్మని అడిగాను. నాగరత్నం గిన్నె వైపు చూసింది, దీపం వైపు చూసింది.

"దీపం ఎట్టేశానండి" అంది. "ఇప్పుడివ్వకూడదు కదండీ."

ఊరి ప్రాణాల మీదకి వచ్చిందని చెప్పాను. పడవ తిరిగి వెళ్లాలని చెప్పాను. మేనేజర్ని నేనే కదా అని కూడా అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఎంతటోళ్లు అడిగినా ఇవ్వొద్దని ఆరోజు మీరే సెప్పారండి. అంతటోళ్లంటే ఇంకెవరో అనుకున్నాను, మీరేనన్నమాట. పొద్దున్నే ఇస్తాను, అన్నం తినండి."

చేపల పులుసుతో అన్నం పెట్టింది. నాకు మొదట కోపం వచ్చింది. రెండో ముద్దకి నవ్వు వచ్చింది. నా నియమాన్ని నామీదే ఇంత నిఖార్సుగా అమలుచేసిన మనిషి మా విశ్వవిద్యాలయంలో ఒక్కరు కూడా లేరు. వాళ్ల తెప్ప మీదే పడుకున్నాం.

పొద్దున నేను లేచేసరికి ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. నేను అడగలేదు. గిద్దెడుకి బదులు గిన్నె నిండా పోసి గుడ్డ కట్టి ఇచ్చింది. దానికి ఒక అలవాటుందండి అని ఏదో చెప్పబోయింది. ఇంతలో మంచు పడవ వచ్చింది, ఆవిడ అటు పరుగెత్తింది.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

మూడు బానల్నీ మరుగునీళ్లతో కడిగి, ఎండబెట్టి, పెద్దదానిలో నాగరత్నం తోడు వేశాం. తోడుకుంది. నలభై ఏళ్లలో ఆరేళ్లు తప్ప అంతా ఉంది. ఆ ఆరేళ్లూ అది పాకలో చేపల బరువులూ మంచు దిమ్మలూ లెక్క కట్టుకుంటూ గడిపింది. ఆ కాలపు సముద్రం దానికి మనం చెప్పాలి.

కొలత స్తంభాల దగ్గరివాళ్లు పంపిన చీటీలు బీరువాల్లో ఉన్నాయి. విభాగం మొత్తం నేల మీద చాపలు పరుచుకుని కూర్చుంది. ఒకరు చదవడం, ఒకరు పలక మీద రాసి ఎక్కించడం. విక్టర్ గారు ప్రొఫెసర్ల గదినుంచి కుర్చీ తెచ్చుకోలేదు, చాప మీదే కూర్చుని చదివారు. ఆయన గొంతు పోయింది, అయినా ఆపలేదు. పసుపు కలిపిన అమ్మాయి అందరికన్నా ఎక్కువ రాసింది. క్యాంటీన్‌వాళ్లు పచ్చడి జాడీకి మూత బిగించి గుడ్డ కట్టేశారు. రీడర్ గారు రెండు రోజులుగా ఆవకాయ ముట్టలేదు. చరిత్రలో నిలిచిపోవలసిన సంగతి కనుక రాస్తున్నాను.

నేను గంజి పోస్తూ, చేతులు చూస్తూ, అటూ ఇటూ తిరుగుతూ వాళ్లని చూశాను. షీల్డు ఇచ్చిన రోజు నాకు ఇంత గర్వంగా లేదు.

జ్యేష్ఠ అమావాస్య

ముందు పరీక్ష పెట్టాను. పోయిన పౌర్ణమికి పోటు ఎంత అని అడిగాను. స్తంభం దగ్గర ఎంత కొలిచారో అంతే చెప్పింది. కింద ఇంకో వాక్యం కూడా ఉంది. "మంచు సరిపోతుందా?"

రీడర్ గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. ఇంకో ప్రశ్న అడిగాం, సరైన జవాబే వచ్చింది, చివర మళ్లీ మంచు సంగతి. అప్పుడు అర్థమైంది నాగరత్నం చెప్పబోయిన అలవాటు. రోజూ సాయంత్రం కాటా ముయ్యబోయే ముందు మంచు సరిపోతుందా అని ఆవిడ దాన్ని అడుగుతూ ఉండి ఉంటుంది. అడగ్గా అడగ్గా అది తనే అడగడం నేర్చుకుంది.

తర్వాత అసలు ప్రశ్న అడిగాం. జవాబు ఇది. "ఆషాఢ శుద్ధ సప్తమికి ఊరు కట్టు విప్పాలి. దశమినాడు గండిలోంచి బయటి వరస మీదకి నీళ్లు వస్తాయి. మంచు సరిపోతుందా?"

ఉమ్మడి బాన చెప్పిన పౌర్ణమి అయితే నీళ్లు వచ్చేశాక విప్పడమే. ఉదయభాను గారు వెంటనే వచ్చారు. లెక్కంతా తనే దగ్గరుండి చూశారు. చివరి వాక్యం మాత్రం తీసేసి పంపమన్నారు.

"ఊరి సభకి వెళ్లే కాగితం అండీ. మంచు ఏమిటి మధ్యలో? మన లెక్కని ఎవరు నమ్ముతారు?"

ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. కాని బాన చెప్పిన జవాబులో ఒక్క ముక్క కూడా ఈ విభాగం ఎప్పుడూ కత్తిరించలేదు. ఈ రోజు మంచు తీసేస్తే రేపు ఇంకొకరు గండి తీసేయమంటారు. ఆ మాటే చెప్పాను. విక్టర్ గారికి గొంతు లేదు కనుక ఏమీ అనకుండా సంతకం పెట్టారు. ఉదయభాను గారు తమ పౌర్ణమి లెక్క కూడా జతచేసి, రెండూ సభకి పంపారు. అది ఆయన హక్కు.

ఆషాఢ శుద్ధ విదియ

సభవాళ్లు ఏదీ తేల్చలేక రెండు కాగితాలూ మైకులో చదివి వినిపించారు, ఏ వరసకి ఏది నమ్మకమైతే అది చేసుకోమన్నారు. ఉమ్మడి బాన లెక్క చదివినప్పుడు సంతలో ఎవరి బేరాలు వాళ్లు చేసుకుంటున్నారట. తర్వాత మాది చదివారు. మంచు సరిపోతుందా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేపల వరసంతా తలెత్తి నవ్విందట. మా కాటా కుండ చెబుతోందని ఒకరు, నాగరత్నం కుండకి తెలియని నీళ్లేమున్నాయని ఇంకొకరు. బయటి వరసవాళ్లు ఆ సాయంత్రమే మోకులు సర్దుకోవడం మొదలుపెట్టారు. వాళ్లని చూసి లోపలి వరసలు కదిలాయి.

కాశింవలీ ఇదంతా వచ్చి చెప్పాడు. తీసేయమన్న వాక్యమే ఊరిని కదిలించింది. నేను ఎవరికీ ఫోను చేసి ఈ సంగతి ఎత్తిచూపలేదు. చెయ్యాలని చాలా అనిపించింది.

ఆషాఢ శుద్ధ అష్టమి

మడ అడవి చాటునుంచి రాస్తున్నాను. నిన్న ఊరు మొత్తం వచ్చేసింది. తెప్పలు ఒకదాని వెంట ఒకటి తాళ్లతో లాక్కుంటూ వచ్చాయి. మా విభాగం తెప్ప మీద బానల చుట్టూ పరుపులు కట్టి, నలుగురు ప్రొఫెసర్లు నాలుగు వైపులా పట్టుకుని కూర్చున్నారు. దారిలో ఒక్క చుక్క ఒలకలేదు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

నిన్న వచ్చింది. గాలి ముందు, నీళ్లు వెనక. గండిలోంచే వచ్చింది. ఈ రోజు తెరిపి ఇచ్చాక పడవలో వెళ్లి చూశాం. బయటి వరస ఉన్నచోట కట్టుగుంజలు ఒక్కటి కూడా మిగలలేదు. చేపల పాక ఉండే చోట నడుములోతు అలలు కొడుతున్నాయి. మనిషి కాదుకదా, ఒక బుట్ట కూడా పోలేదు. అన్నీ ఇక్కడే, మడ చెట్లకి కట్టేసి ఉన్నాయి.

నాగరత్నం తన తెప్ప మీద కాటా నిలబెట్టి అప్పుడే రొయ్యలు తూస్తోంది. నేను ఏదో చెప్పాలని వెళ్లి, చివరికి మీ కుండకి కృతజ్ఞతలు అన్నాను.

"మీ కుండేనండి అది" అంది, తక్కెడ మీదినుంచి కళ్లు తిప్పకుండా. "నేను గంజి పోశానంతే."

కాసేపు ఇద్దరం ఎవరి కుండ అని వాదించుకున్నాం. తేలలేదు.

ఆషాఢ బహుళ విదియ

పలకలన్నీ పనిచేస్తున్నాయి. పరిశోధక విద్యార్థుల పటాల కింద, జీతాల లెక్క కింద, పరీక్ష ఫలితాల కింద ఇప్పటికీ మంచు సరిపోతుందా అనే వస్తోంది. అది మాన్పించమని ఎవరూ ఫిర్యాదు రాయలేదు. విక్టర్ గారు మాత్రం ప్రతిసారీ పలకకి సరిపోతుందమ్మా అని జవాబు రాస్తున్నారు. బాన అంచుల మీద ఇక పసుపు రాయం. బోర్డు కింద ఆ సంగతి కూడా రాయించాను. పండగకి పూలదండ చాలు, అది కూడా గుమ్మానికి.

ఈ పొద్దున నేను గంజి పోస్తుంటే గుమ్మం దగ్గర ఎవరో ఆగారు. ఉదయభాను గారు. వెంట మనుషులు లేరు. తలుపు వెనకున్న ఆరేళ్లనాటి మెమో ఆయన కంటపడింది, చదివారు. కింద సంతకం ఆయనదే. తర్వాత బోర్డు చదివారు, పైనుంచి కింది దాకా. చేతిలో తళతళలాడే కొత్త స్టీలు గిన్నె ఉంది.

"ఉమ్మడి బానకి ఈ పాయలు తెలియవండీ" అన్నారు. "గిద్దెడు ఇస్తారా?"

గరిటె చేతిలోకి తీసుకున్నాను. ఈ గదిలో అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను.

"చెయ్యి కడుక్కున్నారా?"

"సబ్బుతోనే" అన్నారు.

గిన్నె నిండా పోశాను.